తడి ఆరితేనే గీత కనబడుతుంది – కుబ్జ కథ, ఒక సానరాయి

ఓం నమో భగవతే వాసుదేవాయ.

గురువారం ప్రవచనంలో మథుర వీధిలో కృష్ణుడికి కుబ్జ ఎదురైన ఘట్టం దాకా వచ్చి ఆగాం. టైము దాటిపోతోందని మా పిల్లలు కెమెరా వెనక నుంచి చేతులూపితే, చెప్పాల్సిన మాట ఒకటి మింగేసి మంగళం పాడేశాను. ఆ మాట ఇక్కడ రాద్దామనుకుంటూ ఉండగానే ఒక తల్లి ఉత్తరం వచ్చింది. ఊరు, పేరు రాయను. విషయం ఇది.

"మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళండీ. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. మందులు వాడుతోంది. నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. మావాళ్ళందరూ చెప్పొద్దంటున్నారు. వంద అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా అంటున్నారు. చెప్పకపోతే పాపం తగులుతుందా? తగిలితే ఏ దానం చేస్తే పోతుంది?"

చివరి ప్రశ్న చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అమ్మా, దానం సంగతి తర్వాత చూద్దాం. ముందు నేనొక రాళ్ళు సానపట్టే ఆయన దగ్గర చూసింది చెబుతాను. ఇదేంటి, పెళ్ళి గురించి అడిగితే రాళ్ళ గురించి చెబుతాడు అనుకోకండి. కాస్త ఓపిక పట్టండి.

జైపూర్ వెళ్ళాం, గోవింద్‌దేవ్‌జీ దర్శనానికి. తెల్లవారుజామున మంగళ హారతి చూసుకుని బయటికి వచ్చాక, మాతో వచ్చిన స్నేహితుడొకడు రాళ్ళ వ్యాపారం తెలిసినవాడు, "రండి, ఇక్కడిదాకా వచ్చి రాళ్ళు కోసేవాళ్ళని చూడకుండా పోతే ఎలా" అని పాతబస్తీ సందుల్లోకి తీసుకుపోయాడు. మేడ మీద చిన్న గది. డెబ్భై దాటిన ముసలాయన. అందరూ ఉస్తాద్ అంటున్నారు. ముందు ఒక చక్రం, పక్కన నీళ్ళ గిన్నె, ఒక గుడ్డ, ఒక దీపం. అంతే సామాను.

ఆయన చేసేది పలకలు పలకలుగా చెక్కే రాళ్ళు కాదు. కింద చదునుగా, పైన బోర్లించిన గిన్నెలా నున్నగా ఉండేవి. వ్యాపారంలో కాబోషాన్ అంటారట. మన దేవుడి నగల్లో, అమ్మమ్మల కంటెల్లో ఉండే కెంపులు చాలావరకు ఈ గుండు కోతవే. వైడూర్యాన్ని ఎప్పుడూ ఇలాగే కోస్తారు, లేకపోతే అందులో ఆ పిల్లి కన్ను గీత కనబడదు.

పూర్వం చక్రాన్ని లక్కలో కురువిందం పొడి కలిపి చేసేవారట. ఇంగ్లీషువాళ్ళు కొరండం అంటారే, ఆ మాట మన దక్షిణాది మాటే. కురువిందం, కురుందం అని మనం అన్నదాన్నే వాళ్ళు పట్టుకెళ్ళారు. సరే, అది పక్కన పెడదాం.

ఉస్తాద్ ముడిరాయిని చేతిలోకి తీసుకోగానే చక్రం మీద పెట్టలేదు. ముందు నీళ్ళలో ముంచాడు. దీపానికి అడ్డంగా పట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుగు లోపలికి పోతూ పోతూ ఒకచోట అద్దం ముక్కలా తళుక్కుమంది. "బీట" అన్నాడు. పైనుంచి చూస్తే మాకేమీ కనబడలేదు. ఆయన గోరుతో అంచు మీద గీశాడు, గోరు అక్కడ చిక్కుకుంది. నా వేలు పట్టుకుని నాచేత కూడా గీయించాడు. నిజమే, తగిలింది.

"మరి ఏం చేస్తారు?" అన్నాను.

చిన్న సుత్తి తీసి, ఆ బీట మీదే టక్కున కొట్టాడు. రాయి రెండు ముక్కలైంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన నవ్వాడు. "ఇప్పుడు విరిగితే రెండు చిన్న మంచి రాళ్ళు. చక్రం మీద విరిగితే ఒక్కటీ లేదు. ఉంగరంలోకి వెళ్ళాక విరిగితే నా పేరు కూడా లేదు."

రాయి రాపిడికి వేడెక్కుతుందట. వేడెక్కితే బీట పాకుతుంది. అందుకే నీళ్ళు. ఆ నీళ్ళు రాయి కోసమే కాదు సుమా. పొడిగా సానపడితే సన్నటి రాతిధూళి లేచి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది. గుజరాత్‌లో ఖంభాత్ అనే ఊళ్ళో అకీకు రాళ్ళు సానపట్టే కుటుంబాల్లో సిలికోసిస్ జబ్బుతో ఎంతమంది పోయారో డాక్టర్లు రాసిపెట్టారు. మనం జపమాల కొనేటప్పుడు బేరం ఆడతాం కదా, అప్పుడైనా ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ప్రతి బీటనీ విరగ్గొట్టాలా అంటే, అక్కర్లేదు. పైపైన ఉంటే అరగదీస్తారు. అంచుకు దగ్గరగా ఉంటే, రాయి గుర్తు గీసుకునేటప్పుడే అది బయటికి పోయేలా గీస్తారు. రాయి చిన్నదవుతుంది. అక్కడే ఉంది అసలు కష్టం. రాయిని అమ్మేది క్యారెట్ల లెక్కన, క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. నాలుగు క్యారెట్లు వచ్చే రాయిని, దోషం తీసేయడానికి రెండున్నరకి తగ్గించుకోవాలంటే చెయ్యి రాదు. చెయ్యి రానివాడు ఏం చేస్తాడు? బీటలోకి జిగురు ఎక్కిస్తాడు. పైన మెరుగు పెడతాడు. అమ్మేస్తాడు.

భర్తృహరి నీతిశతకంలో, సాన మీద అరిగి సన్నబడిన మణినీ, అడిగినవాళ్ళకి ఇచ్చి ఇచ్చి సంపద తరిగిపోయిన మనిషినీ ఒకే వరసలో కూర్చోబెట్టాడు. తగ్గిపోవడమే వాళ్ళకి అందం అన్నాడు. చిన్నప్పుడు బళ్ళో వల్లె వేసినప్పుడు నాకిది ఎక్కలేదు. ఆ మేడమీద గదిలో ఎక్కింది.

ఇక మెరుగు పెట్టడం. ముందు గరుకు చక్రం, తర్వాత సన్నది, ఇంకా సన్నది, ఆఖరికి తోలు మీద మెరుగుపొడి. రాయిని కర్ర కొనకి లక్కతో అంటించి, వేళ్ళ మధ్య తిప్పుతూ పడతారు. ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మారేటప్పుడల్లా ఆయన రాయినీ కర్రనీ చేతుల్నీ కడుక్కున్నాడు. ప్రతిసారీ. నేను విసుక్కున్నట్టు కనబడ్డానేమో, గోరు సందులో ఉన్న ఒక్క గరుకు రేణువు తోలు మీద పడితే రోజంతా చేసిన పని పోతుందన్నాడు. గుడిలోకి వెళ్ళేముందు కాళ్ళెందుకు కడుక్కోవాలని పిల్లలు అడుగుతుంటారు. ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఒకచోట నేను అన్నాను, "ఉస్తాద్, ఇది అయిపోయినట్టే ఉంది, మెరిసిపోతోంది కదా!" రాయి నిజంగానే తళతళలాడుతోంది. ఆయన ఏమీ అనలేదు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఊది, ఆరనిచ్చి, దీపం పక్కవాటుగా పట్టి చూపించాడు. అమ్మో! ఎన్ని గీతలో! తడిగా ఉన్నంతసేపూ నీళ్ళు గీతల్లో నిండిపోయి అంతా నున్నగా కనిపించింది. ఆరగానే బండారం బయటపడింది.

"ఇప్పుడు పైన మెరుగు పెడితే గీతలు పోవా?" అన్నాను.

"పోవు. చుట్టూ మెరిసేకొద్దీ ఇంకా కనబడతాయి" అని, రాయిని తీసుకెళ్ళి మళ్ళీ గరుకు చక్రం దగ్గరే మొదలుపెట్టాడు. రెండు మెట్లు వెనక్కి. ముఖంలో చిరాకు లేదు. గంటసేపు చేసిన పనిని తనే చెరుపుకుని మళ్ళీ మొదలుపెట్టే మనిషిని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? నేను నలభై ఏళ్ళుగా జపం చేస్తున్నాను. కోపం అనే గీత ఉంది నాలో. ఊళ్ళో నలుగురూ ఆహా ఓహో అన్నప్పుడు, అదే నా తడి, ఆ గీత కనబడదు. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక మా ఆవిడకి కనబడుతుంది.

లేచి వస్తుంటే ఆయన నన్ను మళ్ళీ కూర్చోమన్నాడు. మాది కొత్తగూడెం వైపు అని మా స్నేహితుడు చెప్పాడు. మా దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకి పాత పేరు, చిన్నప్పుడు ఇసకలో ఎర్రటి గింజలు ఏరుకునేవాళ్ళం. ఆ మాట వినగానే ఆయన ఒక కాగితం పొట్లం విప్పాడు. నల్లగా, కాస్త ఊదా ఎరుపులో ఒక రాయి. చూడ్డానికి ఏమీ బాగాలేదు. మబ్బు పట్టినట్టు ఉంది. "దీన్నిండా దోషమే. లోపల లక్ష సూదులు" అన్నాడు. రూటైల్ అనే ఖనిజం వెంట్రుక కంటే సన్నటి సూదుల్లా రాయి లోపల పేర్చుకుని ఉంటుంది. స్వచ్ఛత చూసేవాళ్ళు పక్కన పారేస్తారు.

ఉస్తాద్ గదిలో ట్యూబులైటు ఆర్పేశాడు. కిటికీ మూశాడు. ఒక్క టార్చి వెలిగించి రాయి మీదికి పట్టాడు.

నక్షత్రం! నాలుగు కిరణాలు, రాయి నెత్తిన నిలబడ్డాయి. రాయి కదిపితే అవీ జారుతున్నాయి. స్టార్ గార్నెట్ అంటారు. మన దేశంలోనూ, అమెరికాలో ఐడహో అనే రాష్ట్రంలోనూ దొరుకుతుంది. ఆ సూదులే లేకపోతే ఆ నక్షత్రం లేదు. వైడూర్యంలో కన్నూ అంతే, లోపలి సూదుల వల్లే. అయితే కోసేవాడు సూదులు ఎటు వాలి ఉన్నాయో కనిపెట్టి, దానికి తగ్గట్టు అడుగు చదును చెయ్యాలి. కాస్త వంకర పోయిందా, నక్షత్రం పక్కకి ఒరిగిపోతుంది. పైగా నాలుగు వైపులా దీపాలుంటే సరిగ్గా కనబడదు. ఒకే వెలుగు కావాలి, ఎండైనా సరే, టార్చయినా సరే.

అంటే చూడండి, రాయిలో ఉన్నవి రెండు రకాలు. బీట వేరు, సూదులు వేరు. పైకి రెండూ దోషం అనే పేరుతోనే చెలామణి అవుతాయి. గరుడ పురాణంలో రత్నపరీక్ష అని కొన్ని అధ్యాయాలున్నాయి. బలాసురుడి శరీరం రత్నాలైన కథ, ఆ తర్వాత ఒక్కొక్క రత్నానికి గుణమేది, దోషమేది అనే విచారణ. అంత పరీక్ష ఎందుకు చెప్పారు? అన్నిటినీ ఒకే గాట కట్టేయకూడదనే కదా.

ఇప్పుడు అమ్మా, మీ ఉత్తరం దగ్గరికి వస్తాను. నేను ఇంతవరకు ఏ వీడియోలోనూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

మా చెల్లెలికి మూర్ఛ ఉంది. 1987లో పెళ్ళి చేశాం. అప్పట్లో చట్టం కూడా భయంకరంగా ఉండేది. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణ తర్వాత మాటిమాటికీ మూర్ఛ రావడం అనేది పెళ్ళికి అడ్డంకిగా రాసి ఉండేది. 1999లో ఆ మాట తీసేశారు. ఇప్పుడు లేదు, అది గుర్తుపెట్టుకోండి. కానీ అప్పుడు మా నాన్నగారు వణికిపోయారు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి అడిగింది, "పిల్ల ఆరోగ్యం బాగుంటుందా నాయనా?" అని. అడిగింది నాన్నగారిని కాదు, నన్ను. "బ్రహ్మాండంగా ఉంటుందండీ" అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఇవాళ మీకు భాగవతం చెబుతున్నాను.

చెల్లెలు మాత్రలు చీరల మడతల్లో దాచుకుని వెళ్ళింది. అత్తగారింట్లో ఎవరూ లేనప్పుడు వేసుకునేది. శ్రావణమాసం వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. వ్రతం, ఉపవాసం, రెండు రాత్రులు నిద్ర లేదు, పెట్టె తెరిచే సందు దొరకలేదు. మాత్రలు తప్పితే, నిద్ర తప్పితే ఏమవుతుందో ఆ జబ్బున్న ఇంట్లో వాళ్ళకి తెలుసు. పొయ్యి దగ్గర పడిపోయింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో ఆ అత్తగారు మంచం పక్కన కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. చెల్లెలితో అంటోంది, "చెప్పి ఉంటే మాత్ర నేనే చేతిలో పెట్టేదాన్ని కదమ్మా." ఆ తర్వాత నిజంగానే ఆవిడే రోజూ రాత్రి మాత్ర ఇచ్చేది, మంచాన పడేదాకా. కానీ మా నాన్నగారితో మాత్రం పోయేదాకా మాట్లాడలేదు. నాతో మాట్లాడటానికి ఆరేళ్ళు పట్టింది. చెల్లెలి చేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రాఖీ కట్టేటప్పుడు నేను దాన్ని చూడకుండా ఎటో చూస్తాను.

మూర్ఛ బీట కాదమ్మా. అది ఆ పిల్లతో పుట్టిన సూది. మందులు సరిగ్గా వాడితే ఎక్కువమందికి అది అదుపులో ఉంటుంది, మీ అమ్మాయికి ఉన్నట్టే. చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని కంటారు. బీట పెట్టింది నేను, నా అబద్ధంతో. జిగురు ఎక్కించి మెరుగు పెట్టి ఇంకొకరి ఇంటికి పంపాను. పొయ్యి వేడికి అది పగిలింది, కాలింది మాత్రం చెల్లెలి చెయ్యి.

వంద అబద్ధాల సామెత నాకూ తెలుసు. ఆ వంద అబద్ధాలూ ఎవరు మొయ్యాలి? ఆడినవాళ్ళు భోజనాలు చేసి తాంబూలం పుచ్చుకుని బస్సెక్కేస్తారు. మోసేది పిల్ల.

అందుకని చెప్పండి. తాంబూలాలు పుచ్చుకోక ముందే చెప్పండి. పెద్దవాళ్ళు గుసగుసగా కాదు, మీ అమ్మాయికి ఇష్టమైతే తనే ఆ అబ్బాయితో చెప్పనివ్వండి, డాక్టరు కాగితాలు చేతిలో పెట్టుకుని. ఇంకో మాట. పిల్లలు పుట్టే ముందు కొన్ని మందులు మార్చాల్సి రావచ్చు. అది డాక్టరు ముందే చూడాలి, మీరు సొంతంగా ఆపకూడదు. భర్తకి తెలియకుండా ఇవన్నీ ఎలా జరుగుతాయి చెప్పండి? (అన్నట్టు, పడిపోయినవాళ్ళ చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ఏమీ జరగదు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ కుక్కకండి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.)

సంబంధం పోవచ్చు. పోదని నేను చెప్పను. ఉస్తాద్ రాయిని సుత్తితో కొట్టినప్పుడు నాలుగు క్యారెట్లు రెండున్నర అయ్యాయి, ఆయనకి నష్టమే. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోవచ్చు. వాళ్ళు నాలుగు వైపులా దీపాలు పెట్టుకుని చూసేవాళ్ళు, వాళ్ళకి నక్షత్రం కనబడదు.

ఇప్పుడు గురువారం నేను మింగేసిన మాట. కుబ్జని మనం కుబ్జ అంటాం. కృష్ణుడు దారిలో ఆపి, నువ్వెవరు, ఈ లేపనాలు ఎవరికి అని అడిగాడు. ఆవిడ ఏం చెప్పింది? నేను కంసుడి దాసిని, గంధం తీసేదాన్ని, నా పేరు త్రివక్ర అంది. త్రివక్ర, మూడు వంకరలు. తన దోషాన్నే పేరుగా చెప్పుకుంది. అంత అందగాడు ఎదురుగా నిలబడితే, ఆ ఒక్క క్షణం పైట సర్దుకుని, నడుం దాచుకుని, ఇంకో పేరు చెప్పొచ్చు కదా! చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఉన్న గంధం ఆయనకి ఇచ్చేసింది. అప్పుడు స్వామి ఏం చేశాడు? తన పాదాలతో ఆవిడ పాదాల ముందు భాగం నొక్కిపట్టి, రెండు వేళ్ళు గడ్డం కింద పెట్టి పైకి ఎత్తాడు. చక్రం దగ్గర కూర్చున్న ఆ ముసలాయన వేళ్ళు నాకు గుర్తొచ్చింది అక్కడే. ఒకచోట గట్టిగా పట్టు, ఇంకోచోట పువ్వును ఎత్తినట్టు.

అందరి వంకరలూ అలా ఒక్క క్షణంలో పోతాయని కాదు. మా చెల్లెలి మూర్ఛ పోలేదు. ఇప్పుడు అరవై దాటింది, రాత్రి తొమ్మిదింటికి ఫోనులో అలారం మోగుతుంది. మాత్రల డబ్బా దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కనే ఉంటుంది, అందరికీ కనబడేలా. అక్కడ పెట్టింది వాళ్ళ అత్తగారు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయినా చోటు మారలేదు.

అమ్మా, మీరు దానం గురించి అడిగారు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఈ ఉత్తరాన్ని మీ అమ్మాయికి చదివి వినిపించండి. ఏమైందో వీలుంటే నాకు రాయండి.

వచ్చే గురువారం, ఇచ్చిన మాట ప్రకారం కృష్ణుడు ఉద్ధవుణ్ణి వెంటబెట్టుకుని త్రివక్ర ఇంటికి వెళ్ళడం, అక్కడి నుంచి అక్రూరుడి ఇంటికి వెళ్ళడం చెప్పుకుందాం. ఎప్పటిలాగే సాయంత్రం ఆరున్నరకి.

కృష్ణార్పణం.